శాంతి సరే, దాని ఖరీదు ఎవరు కడతారు?

1999 జులై 7న టోగో రాజధాని లోమేలో సియెరా లియోన్ ప్రభుత్వానికీ ఆర్‌యూఎఫ్ అనే తిరుగుబాటు దళానికీ మధ్య శాంతి ఒప్పందం కుదిరింది. అప్పటికి ఎనిమిదేళ్ళుగా నడుస్తున్న అంతర్యుద్ధం. ఊళ్ళ మీద పడి జనం చేతులు నరికిన దళం ఆర్‌యూఎఫ్. దాని నాయకుడు ఫోడే సంకోకి ఈ ఒప్పందంలో ఏం దక్కిందో చూడండి. ఉపాధ్యక్షుడి హోదా, దేశంలోని వజ్రాలూ మిగతా ఖనిజాల బాగోగులు చూసే కమిషన్‌కి అధ్యక్ష పదవి, వీటికి తోడు అతనికీ అతని మనుషులకీ అప్పటిదాకా చేసిన వాటన్నిటికీ పూర్తి క్షమాభిక్ష. సంతకాల దగ్గరికి వచ్చేసరికి ఐక్యరాజ్య సమితి ప్రతినిధి ఫ్రాన్సిస్ ఒకెలో తన వంతుగా చేత్తో ఒక షరతు రాశారు. మారణహోమం, మానవత్వంపై నేరాలు, యుద్ధ నేరాలు, మానవతా చట్టాల తీవ్ర ఉల్లంఘనలు, వీటికి ఈ క్షమాభిక్ష వర్తిస్తుందని ఐరాస ఒప్పుకోవడం లేదు అని.

టైపు చేసిన కాగితం ఒకటి చెబుతోంది, దాని మీద పెన్నుతో రాసింది ఇంకోటి చెబుతోంది. శాంతి ఉద్యమాల గురించి చదివేటప్పుడు శాంతి, మానవ హక్కులు, సామాజిక న్యాయం అనే మూడు మాటలు ఎప్పుడూ జంటపక్షుల్లా కలిసే వస్తాయి కాబట్టి, ఇవన్నీ ఒకే తానులో గుడ్డలని మనం అనుకుంటాం. నాకైతే అలా అనిపించదు. ఈ మూడూ వాటంతట అవి కలిసినవి కావు, ఒక్కో చోట ఒక్కో గొడవలో మనుషులు పనిగట్టుకుని కలిపితే కలిసినవి. కొన్నిచోట్ల ఒకదాన్ని పట్టుకుంటే ఇంకోటి చేజారింది. ఎక్కడ కలిశాయో దానికన్నా ఎక్కడ కొట్టుకున్నాయో చూస్తే ఈ ఉద్యమాల సంగతి బాగా బోధపడుతుంది.

లోమే ఒప్పందం సంగతే తీసుకుంటే, అది ఏడాది కూడా నిలవలేదు. 2000 మే నెలలో ఆర్‌యూఎఫ్ దాదాపు 500 మంది ఐరాస శాంతి సైనికుల్ని బందీలుగా పట్టుకుంది. 2002లో సియెరా లియోన్ కోసం ప్రత్యేక న్యాయస్థానం వచ్చింది, ఆ క్షమాభిక్ష మమ్మల్ని కట్టిపడేయదని 2004లో తేల్చి చెప్పింది. ఇదంతా చూసి, హంతకుడికి పదవి ఇస్తే ఇలాగే అవుతుంది, హక్కుల సంఘాలు ముందే చెప్పాయి కదా అనడం తేలిక. కానీ 1999 జనవరిలో తిరుగుబాటుదారులు ఫ్రీటౌన్ మీద పడి ఇళ్ళు తగలబెట్టిన ఆరు నెలలకే ఈ సంతకాలు జరిగాయని మర్చిపోకూడదు. ఇల్లు కాలిపోయినవాడికి కోర్టు వచ్చేదాకా ఆగమని చెప్పడం బయట కూర్చున్నవాళ్ళకి సులువు.

కొట్టినవాడు కనపడని హింస

కాల్పులు ఆగితే శాంతి వచ్చినట్టేనా అన్న ప్రశ్నకి ఒక సిద్ధాంతం తయారుచేసింది నార్వే పరిశోధకుడు యొహాన్ గాల్టుంగ్. ఓస్లోలో 1959లో శాంతి పరిశోధన సంస్థను మొదలుపెట్టింది ఆయనే. 1969లో రాసిన వ్యాసంలో ఆయన క్షయ రోగాన్ని ఉదాహరణగా తీసుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఎవరైనా క్షయతో పోతే దాన్ని హింస అనలేం, ఎందుకంటే అప్పటికి దానికి మందు లేదు. ప్రపంచంలో మందులూ వైద్యమూ అన్నీ ఉన్న ఈ కాలంలో కూడా అదే రోగంతో పోతే అది హింసే, కాకపోతే కొట్టినవాడు కనపడడు. దీన్ని ఆయన వ్యవస్థాగత హింస అన్నారు. తుపాకులు మోగకపోవడం ఒక రకం శాంతి, ఈ కనపడని హింస కూడా లేకపోవడం రెండో రకం శాంతి అని విడగొట్టారు.

ఈ ఆలోచన మీద విమర్శలూ గట్టిగానే వచ్చాయి. పేదరికం, రోగం, వివక్ష అన్నిటినీ హింస కిందే జమ కడితే, బాంబు వేసినవాడికీ ఆసుపత్రి కట్టనివాడికీ తేడా లేకుండా పోతుంది కదా అని. ఆ విమర్శలో బలం ఉంది. అయినా యుద్ధం వద్దనేవాళ్ళూ కూలి పెంచమనేవాళ్ళూ ఒకే ఊరేగింపులో ఎందుకు నడవాలో చెప్పడానికి ఒక కారణం దొరికింది ఇక్కడే.

మార్టిన్ లూథర్ కింగ్ ఇదే సంగతిని వీధిలో తేల్చుకోవాల్సి వచ్చింది. 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చిలో ఆయన వియత్నాం యుద్ధాన్ని బాహాటంగా ఖండించారు. ఆయన లెక్క చాలా సూటి. పేదల కోసం మొదలైన పథకాల డబ్బంతా యుద్ధం మింగేస్తోంది. జార్జియాలోనూ హార్లెమ్‌లోనూ తమకే దక్కని స్వేచ్ఛను ఎనిమిది వేల మైళ్ళ దూరంలో కాపాడమని నల్లజాతి కుర్రాళ్ళని పంపుతున్నారు. స్వదేశంలో ఒకే బడిలో పక్కపక్కన కూర్చోలేని నల్ల పిల్లలూ తెల్ల పిల్లలూ అక్కడ పక్కపక్కన నిలబడి ఊళ్ళు తగలబెడుతున్నారు. దీని మీద తిట్లు పడింది శత్రువుల నుంచే కాదు. న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం రెండు వేరు వేరు సమస్యల్ని కలిపి రెండిటికీ అన్యాయం చేశారంది. నల్లజాతి హక్కుల కోసం దశాబ్దాలుగా పనిచేస్తున్న ఎన్‌ఏఏసీపీ కూడా పౌర హక్కుల ఉద్యమాన్నీ శాంతి ఉద్యమాన్నీ కలపడం పెద్ద ఎత్తుగడ తప్పు అంది. వాళ్ళ భయం అర్థం లేనిది కాదు. 1964లో పౌర హక్కుల చట్టం మీదా 1965లో ఓటు హక్కు చట్టం మీదా సంతకం పెట్టిన ప్రెసిడెంట్ జాన్సనే ఈ యుద్ధం నడుపుతున్నాడు, ఆయనతో తెగతెంపులు చేసుకుంటే మిగతా హక్కుల మాటేంటి?

సరిగ్గా ఏడాదికి, 1968 ఏప్రిల్ 4న, కింగ్‌ని మెంఫిస్‌లో కాల్చి చంపారు. ఆయన ఆ ఊరికి వెళ్ళింది పారిశుద్ధ్య కార్మికుల సమ్మెకి అండగా. ఆ ఫిబ్రవరి మొదట్లో వానకి తల దాచుకోవడానికి చెత్త లారీ వెనక భాగంలోకి ఎక్కిన ఇద్దరు కార్మికులు, చెత్తని నొక్కే యంత్రం ఉన్నట్టుండి కదలడంతో నలిగి చనిపోయారు. ఆ తర్వాత మొదలైన సమ్మెలో దాదాపు 1,300 మంది మెడలో ‘నేనూ మనిషినే’ అన్న అట్టలు తగిలించుకుని నడిచారు. చెత్త లారీకీ వియత్నాంకీ సంబంధం ఏంటని అడిగేవాళ్ళకి కింగ్ ఆఖరి ఏడాది చూపించడం కన్నా మంచి జవాబు నాకు తెలీదు.

హేగ్‌లో పెట్టిన రెండు షరతులు

ఇది అరవైల్లో పుట్టిన ఆలోచన అనుకోకండి. మొదటి ప్రపంచ యుద్ధం మంచి వేడి మీద ఉన్నప్పుడు, 1915 ఏప్రిల్ 28 నుంచి మే 1 దాకా, నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో 12 దేశాల నుంచి వెయ్యికి పైగా మహిళలు సమావేశమయ్యారు. యుద్ధం చేసుకుంటున్న దేశాల ఆడవాళ్ళు ఒకే వేదిక మీద! ఆ సభ జరగడానికి ముఖ్య కారణం డచ్ డాక్టర్ అలెట్టా జేకబ్స్, అధ్యక్షత వహించింది అమెరికాలో పేదలకీ వలస వచ్చినవాళ్ళకీ మధ్య పనిచేసిన జేన్ ఆడమ్స్. బ్రిటన్ నుంచి రావాలని నూటికి పైగా మహిళలు సిద్ధపడితే, సరిగ్గా అప్పుడే ఉత్తర సముద్రంలో ఓడల రాకపోకలు ఆపేశారు. చివరికి ముగ్గురంటే ముగ్గురు బ్రిటిష్ మహిళలు సభలో ఉన్నారు.

ఆ సభలో కూర్చోవాలంటే రెండు విషయాలు ఒప్పుకోవాలి. దేశాల మధ్య తగాదాలు శాంతియుతంగా తేల్చుకోవాలి అన్నది ఒకటి, మహిళలకి ఓటు హక్కు ఉండాలి అన్నది రెండోది. ఈ రెండో షరతు దేనికి? యుద్ధం చేయాలా వద్దా అన్న నిర్ణయంలో సగం జనాభాకి నోరే లేకపోతే, ఆ నిర్ణయాన్ని తప్పుబట్టే దారి కూడా వాళ్ళకి ఉండదు కాబట్టి. ఇంకో నియమం కూడా పెట్టుకున్నారు, ఈ యుద్ధానికి తప్పెవరిది అన్న చర్చ సభలో చేయకూడదని. చేసి ఉంటే మొదటి పూటే సభ చీలిపోయేది. కానీ ఆక్రమణకి గురైన బెల్జియం నుంచి వచ్చిన మహిళలకి ఆ మౌనం ఎలా అనిపించి ఉంటుంది అన్నది మాత్రం ఆలోచించాల్సిన విషయమే. లోమేలో మనం చూసిన తకరారే ఇది, కాస్త మర్యాదగా ఉందంతే.

ఈ సభ నుంచి పుట్టిన మహిళల అంతర్జాతీయ శాంతి, స్వేచ్ఛా సమితి ఇప్పటికీ పనిచేస్తోంది. జేన్ ఆడమ్స్‌కి 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, ఆమెతో పాటు హేగ్ వెళ్ళిన ఎమిలీ గ్రీన్ బాల్చ్‌కి 1946లో. అంతకు చాలా ముందే బాల్చ్ ఆ మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు తను పాఠాలు చెప్పే కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్నారు.

ఒక బొమ్మ, రెండు జైళ్ళు

1948 డిసెంబర్ 10న పారిస్‌లో ఐరాస సర్వసభ్య సభ సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. 48 దేశాలు అనుకూలం, వ్యతిరేకం సున్నా, ఓటు వేయకుండా తప్పుకున్నవి 8. మనుషులందరి గౌరవాన్నీ సమాన హక్కుల్నీ గుర్తించడమే ప్రపంచంలో స్వేచ్ఛకీ న్యాయానికీ శాంతికీ పునాది అని ఆ ప్రకటన మొదటి వాక్యమే చెబుతుంది. కాగితం మీద ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ కలపలేరు. కానీ అప్పటికే ప్రచ్ఛన్న యుద్ధం మొదలైపోయింది, రెండు శిబిరాలూ ఈ మాటల్ని వాటాలేసుకున్నాయి. శాంతి అన్నది సోవియట్ వైపు వాళ్ళ నినాదం అయింది, మానవ హక్కులు అన్నది అమెరికా వైపు వాళ్ళ నినాదం అయింది. దాంతో అమెరికాలో అణుబాంబు వద్దన్నవాడు కమ్యూనిస్టు ఏజెంటు, మాస్కోలో పత్రికా స్వేచ్ఛ కావాలన్నవాడు సామ్రాజ్యవాదుల ఏజెంటు. ఐరాసలో హక్కుల ఒప్పందం కూడా ఒకటి కావలసింది రెండుగా చీలింది. 1966లో పౌర, రాజకీయ హక్కులకి ఒకటి, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులకి ఇంకోటి. తిండి, చదువు, వైద్యం ఒక ఫైలులో, ఓటు, వాక్ స్వాతంత్ర్యం ఇంకో ఫైలులో పడ్డాయి.

ఈ వాటాల వల్ల ఎంత విడ్డూరం జరిగిందో తూర్పు జర్మనీలో చూడొచ్చు. ఖడ్గాన్ని సుత్తితో కొట్టి నాగలి కర్రుగా మారుస్తున్న మనిషి విగ్రహం ఒకటి న్యూయార్క్‌లో ఐరాస తోటలో ఉంది. 1959లో సోవియట్ యూనియన్ ఇచ్చిన బహుమతి అది. 1980లో తూర్పు జర్మనీ చర్చి యువజనులు ఆ విగ్రహం బొమ్మనే శాంతి గుర్తుగా ఎంచుకున్నారు, సోవియట్ వాళ్ళ విగ్రహమే కదా, ఎవరు కాదంటారు? కాగితం మీద అచ్చు వేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, గుడ్డ మీద అచ్చుకి అక్కర్లేదు. అందుకని పల్చని బట్ట మీద వేయించారు. ఆ తర్వాతి ఏడాది నుంచి కుర్రాళ్ళు ఆ గుడ్డ ముక్కల్ని జాకెట్ల చేతి మీద కుట్టించుకుని బడికి రావడం మొదలుపెట్టారు. పొద్దున్న లేస్తే శాంతి జపం చేసే ప్రభుత్వానికి ఇది మింగుడుపడలేదు. 1982లో ఆ గుర్తుని నిషేధించారు, పోలీసులు దారిలో ఆపి గుడ్డ ముక్క పీకించారు. కొందరు పిల్లలు ఆ చిరుగుని అలాగే వదిలేసి తిరిగారు.

సోవియట్ హైడ్రోజన్ బాంబు తయారీలో ముఖ్యుడై, తర్వాత మానవ హక్కుల కోసం గొంతెత్తిన ఆంద్రే సఖరోవ్ కథ కూడా ఇక్కడిదే. ఆయనకి 1975లో నోబెల్ శాంతి బహుమతి ఇస్తే దేశం దాటనివ్వలేదు, భార్య యెలెనా బోనర్ ఓస్లో వెళ్ళి అందుకున్నారు. అఫ్ఘానిస్తాన్ మీద సైన్యాన్ని పంపడాన్ని విమర్శించినందుకు 1980 జనవరిలో గోర్కీ నగరానికి పంపి నిర్బంధంలో పెట్టారు, 1986 డిసెంబర్ దాకా.

ఇదే కాలంలో పశ్చిమ యూరప్‌లో అమెరికా క్షిపణులకి వ్యతిరేకంగా లక్షల మంది రోడ్ల మీదకి వచ్చారు. బ్రిటన్‌లోని గ్రీన్‌హామ్ కామన్ స్థావరం చుట్టూ 1982 డిసెంబర్ 12న దాదాపు 30,000 మంది మహిళలు చేతులు కలిపి కంచె అంతా చుట్టేశారు. ఈ ఉద్యమకారులు కమ్యూనిస్టు చెకొస్లొవేకియా రాజధాని ప్రాగ్‌లో మానవ హక్కుల కోసం పోరాడుతున్న చార్టర్ 77 బృందం దగ్గరికి సంఘీభావం కోసం వెళితే వాళ్ళ నుంచి అంత ఉత్సాహం కనపడలేదు. ఆ బృందంలో ఒకరైన నాటక రచయిత వాత్స్లవ్ హావెల్ 1985లో ఒక వ్యాసంలో దీనికి కారణం విడమర్చారు. సొంత పౌరుల హక్కుల్ని లెక్కచేయని ప్రభుత్వం పక్కదేశాన్ని మాత్రం ఎందుకు లెక్కచేస్తుంది, అలాంటి ప్రభుత్వం సంతకం పెట్టిన క్షిపణి ఒప్పందాన్ని ఎలా నమ్మడం అన్నది ఆయన వాదన. పశ్చిమ ఉద్యమంలో కొందరు దీన్ని దారి తప్పించే మాటగా కొట్టిపారేశారు, కొందరు మాత్రం అక్కడి నుంచి తమ పని తీరే మార్చుకున్నారు. తూర్పు జర్మనీలో లైప్‌జిగ్‌లోని నికొలాయ్ చర్చిలో 1982 నుంచి ప్రతి సోమవారం జరుగుతూ వచ్చిన శాంతి ప్రార్థనలు 1989 అక్టోబర్ 9కి 70,000 మంది ఊరేగింపు అయ్యాయి. అప్పటికి వాళ్ళు అడుగుతున్నది క్షిపణుల గురించి కాదు, ఓటు గురించి.

మానవాళి మేలు కోసం మీ ఊరు ఖాళీ చేయండి

సామాజిక న్యాయం కోణం అన్నిటికన్నా నగ్నంగా కనిపించేది అణు పరీక్షల దగ్గర. 1946లో మార్షల్ దీవుల్లో బికినీ అనే పగడపు దీవి మీద 167 మంది ఉండేవారు. అమెరికా నౌకాదళ అధికారి ఒకరు వాళ్ళ దగ్గరికి వచ్చి, మానవాళి మేలు కోసం, ప్రపంచంలో యుద్ధాలన్నిటికీ ముగింపు పలకడం కోసం కొంతకాలం ఊరు ఖాళీ చేయమని అడిగాడు. శాంతి పేరు చెప్పి ఊరు ఖాళీ చేయించడం అంటే ఇదే. వాళ్ళని తీసుకెళ్ళి దింపిన రాంగెరిక్‌లో తిండికి కటకటలాడారు. 1958 దాకా మార్షల్ దీవుల్లో మొత్తం 67 అణు పరీక్షలు జరిగాయి. 1954 మార్చి 1 నాటి బ్రావో పరీక్ష ఒక్కటే 15 మెగాటన్నులు, అంటే హిరోషిమా బాంబుకి వెయ్యి రెట్లు. ఆ బూడిద రాంగెలాప్ దీవి మీద పడింది, అక్కడివాళ్ళని ఖాళీ చేయించడానికి రెండు రోజులు పట్టింది. 1957లో భయం లేదని వెనక్కి తీసుకొచ్చారు. పిల్లలకి థైరాయిడ్ జబ్బులు మొదలయ్యాయి. చివరికి 1985 మేలో, వాళ్ళు అడిగితే, గ్రీన్‌పీస్ వాళ్ళ రెయిన్‌బో వారియర్ ఓడ వచ్చి ఊరిని ఊరే సామాన్లతో సహా ఇంకో దీవికి చేర్చింది. ఆ ఓడనే రెండు నెలల తర్వాత, జులై 10న, ఆక్లండ్ రేవులో ఫ్రెంచ్ గూఢచారులు బాంబులతో ముంచారు, ఫొటోగ్రాఫర్ ఫెర్నాండో పెరేరా చనిపోయాడు. పసిఫిక్‌లో ఫ్రాన్స్ చేస్తున్న పరీక్షలకి ఆ ఓడ అడ్డం పడబోతోంది మరి.

అమెరికా మార్షల్ దీవుల్ని ఎంచుకుంది, సోవియట్ యూనియన్ కజకిస్తాన్‌ని, బ్రిటన్ ఆస్ట్రేలియాలో ఆదివాసుల భూముల్ని, ఫ్రాన్స్ మొదట అల్జీరియా ఎడారిని, తర్వాత పొలినేసియాని. ఏ రాజధాని శివార్లలోనూ ఎవరూ బాంబు పేల్చి చూడలేదు. కజకిస్తాన్‌లోని సెమిపలతిన్స్క్‌లో 1949 నుంచి 1989 దాకా 456 పరీక్షలు జరిగాయి. 1989 ఫిబ్రవరిలో కవి ఓల్జాస్ సులేమెనోవ్ టీవీలో కవిత చదవాల్సింది పక్కన పెట్టి పరీక్షల నుంచి రేడియోధార్మిక వాయువులు బయటికొచ్చిన సంగతి చెప్పారు, పెద్ద ఉద్యమం లేచింది. అమెరికాలోని నెవాడాలో అణు పరీక్షలకి తమ నేల పోగొట్టుకున్న షోషోనీ ఆదివాసులతో చేయి కలిపింది, అందుకే దాని పేరు నెవాడా-సెమిపలతిన్స్క్. 1991 ఆగస్టు 29న ఆ పరీక్షా స్థలం మూతపడింది.

2017 జులై 7న 122 దేశాల ఓట్లతో వచ్చిన అణ్వాయుధ నిషేధ ఒప్పందం పాత ఒప్పందాలకన్నా వేరుగా కనిపించేది ఈ చరిత్ర వల్లే. బాంబులు వద్దనడంతో ఆగకుండా, బాధితులకి వైద్యం, పునరావాసం ఇవ్వాలని 6వ అధికరణంలో రాశారు. కలుషితమైన నేలని బాగుచేయడం గురించి కూడా అందులోనే ఉంది. అణుదేశాలేవీ ఇందులో చేరలేదన్నది నిజమే, 2021 జనవరి 22 నుంచి అమల్లో ఉన్నా దాని వల్ల ఒక్క బాంబూ తగ్గలేదు. కానీ ముందు క్షిపణుల సంఖ్య గురించి దౌత్యవేత్తలు మాత్రమే బేరమాడుకునే చోట ఇప్పుడు బాధితులు కూర్చుని మాట్లాడుతున్నారు. 1956 నుంచి ఆ పనే చేస్తున్న జపాన్ బాధితుల సంఘం నిహోన్ హిదాంక్యోకి 2024లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది.

హక్కుల పేరుతో యుద్ధం

ఇక్కడ అసలు తిరకాసు మొదలవుతుంది. హక్కుల కోసం యుద్ధం చేయొచ్చా? 1999లో కొసావోలో అల్బేనియన్ల మీద సెర్బియా దళాల దాడులు ఆపడానికి అని నాటో 78 రోజులు బాంబులు వేసింది, భద్రతా మండలి అనుమతి లేకుండానే. తర్వాత విచారించిన స్వతంత్ర అంతర్జాతీయ కమిషన్ ఆ యుద్ధం చట్టవిరుద్ధం, అయినా సమర్థనీయం అంది. ఆ తీర్పు చదివి తల పట్టుకోని శాంతి ఉద్యమకారుడు ఉండడు. 2003లో ఇరాక్ మీద దాడికి ముందు చెప్పింది ప్రధానంగా సామూహిక విధ్వంసక ఆయుధాల గురించే అయినా, అవి దొరకకపోయేసరికి నియంతృత్వం నుంచి విముక్తి అన్న మాట ముందుకొచ్చింది. 2003 ఫిబ్రవరి 15న ప్రపంచవ్యాప్తంగా 600కి పైగా నగరాల్లో జనం రోడ్డెక్కినా ఐదు వారాలకి యుద్ధం మొదలైపోయింది.

శాంతి సంఘాలకీ హక్కుల సంఘాలకీ మధ్య ఇక్కడ ఒక పాత తేడా ఉంది, బయటివాళ్ళకి అంతగా తెలీదు. ఆమ్నెస్టీ, హ్యూమన్ రైట్స్ వాచ్ లాంటి సంస్థలు ఒక యుద్ధం జరగాలా వద్దా అన్నదాని మీద మామూలుగా ఏ పక్షమూ తీసుకోవు. ఆసుపత్రుల మీద బాంబులు వేశారా, ఖైదీలని హింసించారా, ఇలా యుద్ధం ఎలా చేస్తున్నారన్నదే వాళ్ళ పని. పక్షపాతం లేదనిపించుకుంటేనే జైళ్ళ తలుపులు తెరుచుకుంటాయి కాబట్టి ఆ పద్ధతికి అర్థం ఉంది. శాంతి సంఘాలకి మాత్రం ఇది, ఇల్లు కాలిపోతుంటే మంటలు నియమం ప్రకారం అంటుకున్నాయా అని చూసినట్టు ఉంటుంది.

యుద్ధానికి బదులు ఆంక్షలు పెడదాం అంటే అదీ చిక్కే. 1990 నుంచి 2003 దాకా ఇరాక్ మీద ఉన్న ఆంక్షలు మొదట్లో చాలామంది శాంతికాముకులకి యుద్ధం కన్నా నయం అనిపించాయి. బాగ్దాద్‌లో ఐరాస సహాయ కార్యక్రమాలు చూసిన డెనిస్ హాలిడే 1998లో, ఆయన తర్వాత వచ్చిన హాన్స్ వాన్ స్పోనెక్ 2000లో, ఆ ఆంక్షలు సామాన్యుల్ని పీల్చి పిప్పి చేస్తున్నాయంటూ రాజీనామా చేశారు. గాల్టుంగ్ చెప్పిన కనపడని హింసకి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

అక్రాలో ఒక గుమ్మం

మళ్ళీ పశ్చిమాఫ్రికాకి వద్దాం. సియెరా లియోన్ పక్కనే ఉన్న లైబీరియాలోనూ అంతర్యుద్ధమే, అక్కడ ప్రెసిడెంట్ చార్లెస్ టేలర్. 2003లో లేమా బోవీ నాయకత్వంలో క్రైస్తవ, ముస్లిం మహిళలు కలిసి తెల్ల టీషర్టులు వేసుకుని మన్రోవియాలో చేపల మార్కెట్ దగ్గర మైదానంలో ఎండకీ వానకీ కూర్చున్నారు. టేలర్ కాన్వాయ్ రోజూ వెళ్ళే దారి అది. వాళ్ళు అడిగింది ఒకటే, చర్చలకి వెళ్ళమని. జూన్ 4న ఘనా రాజధాని అక్రాలో చర్చలు మొదలయ్యాయి. అదే రోజు, ఆర్‌యూఎఫ్‌కి అండగా నిలిచాడంటూ సియెరా లియోన్ ప్రత్యేక న్యాయస్థానం టేలర్ మీద యుద్ధ నేరాల అభియోగాలు బయటపెట్టింది. ఘనా అతన్ని అరెస్టు చేయలేదు, అతను విమానమెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు, మన్రోవియాలో యుద్ధం ఇంకా ముదిరింది. న్యాయం అదే పూట ఎందుకు రావాలని తిట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ అభియోగం వల్లే టేలర్ పని అయిపోయిందని బలం పుంజుకున్నవాళ్ళూ ఉన్నారు. రెండూ నిజమే అనుకుంటాను.

చర్చలు వారాల తరబడి సాగాయి, ప్రతినిధులు హోటల్లో ఉంటూ పదవులు పంచుకుంటున్నారు. జులైలో ఒకరోజు అక్కడికి వచ్చిన మహిళలు హాలు గుమ్మం ముందు చేతులు పెనవేసుకుని కూర్చుని ఎవర్నీ బయటికి పోనివ్వలేదు. భద్రతా సిబ్బంది అరెస్టుకి వస్తే బోవీ అక్కడికక్కడే తన బట్టలు విప్పబోయారు. ఆ ప్రాంతంలో తల్లి వయసున్న స్త్రీ కావాలని వివస్త్ర కావడం చూసినవాళ్ళకి శాపం. మధ్యవర్తిగా ఉన్న నైజీరియా మాజీ అధినేత అబ్దుస్సలామీ అబూబకర్ బయటికొచ్చి వాళ్ళతో మాట్లాడాల్సి వచ్చింది. ఆగస్టు 11న టేలర్ దిగిపోయి నైజీరియాలో ఆశ్రయం పొందాడు, 18న ఒప్పందం కుదిరింది. అదే టేలర్ 2006లో అరెస్టయ్యాడు, 2012లో 50 ఏళ్ళ శిక్ష పడింది. అంటే న్యాయం జరిగింది, శాంతి తర్వాత తొమ్మిదేళ్ళకి. ఈ వరుస ప్రతిచోటా పనిచేస్తుందని ఎవరైనా సూత్రం చెబితే నమ్మకండి.

కొలంబియా వాళ్ళు రెండిటినీ ఒకే బల్ల మీద పెట్టి చూశారు. ఫార్క్ గెరిల్లాలతో హవానాలో చర్చలు జరుగుతుండగా 2014లో 60 మంది బాధితులు విడతలు విడతలుగా వెళ్ళి ఇరుపక్షాల ఎదుటా కూర్చుని తమకి జరిగింది చెప్పారు. ఒప్పందంలో మొదటి అధ్యాయం తుపాకుల గురించి కాదు, పల్లెల్లో భూమి గురించి, ఎందుకంటే ఐదు దశాబ్దాల యుద్ధం మొదలైందే అక్కడ. నేరం ఒప్పుకుని నిజం చెప్పినవాళ్ళకి జైలు బదులు 5 నుంచి 8 ఏళ్ళు బాధితులకి ఉపయోగపడే పనులు, దాచిపెట్టినవాళ్ళకి 20 ఏళ్ళ దాకా జైలు. 2016 అక్టోబర్ 2 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో 50.2 శాతం వద్దన్నారు! శిక్షలు చాలవన్న కోపం దానికో పెద్ద కారణం. చిత్రం ఏంటంటే, 2002లో చర్చిలో తలదాచుకున్నవాళ్ళు ఫార్క్ పేల్చిన బాంబుకి పదుల సంఖ్యలో చనిపోయిన బొహాయాలో 95 శాతానికి పైగా కావాలన్నారు. మార్పులు చేసి నవంబర్‌లో పార్లమెంటు ద్వారా ఆమోదించారు. ఆ తర్వాత ఆయుధాలు దించిన మాజీ గెరిల్లాలు 400 మందికి పైగా హత్యకి గురయ్యారు, భూమి పంపకం నత్తనడక నడుస్తోంది.

రేవులో, కోర్టులో

ఇప్పటి ఉద్యమాల్లో ఊరేగింపుల కన్నా నాకు ఆసక్తిగా అనిపించేవి హక్కుల చట్టాన్ని పట్టుకుని యుద్ధ యంత్రానికి అడ్డం పడే పనులు. 2014 చివర్లో అమల్లోకొచ్చిన ఆయుధ వ్యాపార ఒప్పందం ప్రకారం, అమ్మే ఆయుధం హక్కుల తీవ్ర ఉల్లంఘనకి వాడే ప్రమాదం ఉందేమో అమ్మే దేశం ముందే చూడాలి. 2019 మేలో సౌదీ ఓడ బహ్రీ యాన్బు ఇటలీలోని జెనోవా రేవుకి వస్తే, ఆ సరుకు యెమెన్ యుద్ధానికి పోతుందని రేవు కార్మికులు ఎక్కించడానికి ఒప్పుకోలేదు. తర్వాతి నెల బ్రిటన్ అప్పీలు కోర్టు, సౌదీకి ఆయుధాల లైసెన్సులిచ్చిన పద్ధతి చట్టవిరుద్ధమని చెప్పింది, అయితే ఏడాది దాటగానే ప్రభుత్వం పద్ధతి మార్చానని చెప్పి మళ్ళీ మొదలుపెట్టింది. దక్షిణ కొరియాలో తుపాకీ పట్టనని మనస్సాక్షి మీద నిలబడిన వేలమంది కుర్రాళ్ళు దశాబ్దాల పాటు ఏడాదిన్నర చొప్పున జైలుకి పోతూ వచ్చారు. వాళ్ళకి వేరే సేవ చేసే దారి లేకపోవడం రాజ్యాంగ విరుద్ధమని 2018లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. ప్రభుత్వం ఇచ్చిన ప్రత్యామ్నాయం 36 నెలల పని, అదీ జైళ్ళలోనే.

డబ్బు సంగతి ఒక్క ముక్కలో. స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్క ప్రకారం 2024లో ప్రపంచ సైనిక ఖర్చు 2.7 లక్షల కోట్ల డాలర్లు. ఐరాస శాంతి పరిరక్షణ దళాల 2024-25 బడ్జెట్ సుమారు 560 కోట్ల డాలర్లు.

మందుపాతరల నిషేధం ఈ మూడు దారులూ నిజంగా కలిసిన చోటు. 1992లో ఆరు సంస్థలు కలిసి ఆ ప్రచారం మొదలుపెట్టాయి, వాటిలో హక్కుల సంఘం ఉంది, డాక్టర్ల సంఘం ఉంది, వికలాంగులతో పనిచేసే సంస్థ ఉంది, వియత్నాంలో పోరాడి వచ్చిన మాజీ సైనికులు కూడా ఉన్నారు. మందుపాతర వల్ల సైన్యానికి ఎంత లాభం అన్న చర్చని పక్కన పెట్టి, యుద్ధం అయిపోయిన ఇరవై ఏళ్ళకి కూడా పొలంలో కాలు పోగొట్టుకునేది ఎవరు అని అడిగారు. ఐదేళ్ళలో, 1997 డిసెంబర్‌లో, ఒట్టావాలో ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. అమెరికా, రష్యా, చైనా, భారత్, పాకిస్తాన్ చేరలేదు, 160కి పైగా దేశాలు చేరాయి. 2025లో లిథువేనియా, లాత్వియా, ఎస్తోనియా, ఫిన్లాండ్, పోలండ్ రష్యా భయంతో వైదొలగుతున్నట్టు నోటీసు ఇచ్చాయి. ఒప్పందం రాసినవాళ్ళు ఇలాంటి రోజు వస్తుందని ఊహించకపోలేదు. వైదొలగే నోటీసు ఆరు నెలల తర్వాతే అమలవుతుందని 20వ అధికరణంలో రాసిపెట్టారు. ఆ ఆరు నెలలు పూర్తయ్యేనాటికి ఆ దేశం యుద్ధంలో ఉంటే మాత్రం, ఆ యుద్ధం ముగిసేదాకా నోటీసు చెల్లదు.